దారి తప్పాలని మొక్కు

ఉప్పాడ,
ఏప్రిల్ 14, 2002.

బావకి,

ఉషారాణి రాసేది. ఇక్కడ నేనూ మన పిల్ల లోవా కులాసా. నువ్వు కులాసాగా ఉన్నావా అని వేరే అడగక్కర్లేదు, ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

మొదటిసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది గానీ నమ్మబుద్ధి కాలేదు. సర్కారువారు టిక్కెట్టు కొని, బూట్లు కొని, నిన్ను విమానమెక్కించి యూరప్ పంపుతారు. అక్కడి అడవిలో ఎవరో ముందుగానే జెండాలు దాచి ఉంచుతారు. నీ చేతికి ఒక పటం, ఒక దిక్సూచి ఇస్తారు. నువ్వు పరుగెత్తుకెళ్లి వరస తప్పకుండా ఒక్కో జెండానూ పట్టుకుని, అక్కడున్న డబ్బాలో వేలికి తొడుక్కున్న పుల్ల గుచ్చి, కుయ్ మనిపించి, ఇంకో జెండా కోసం పరుగెత్తాలి. ఎవడు తొందరగా వస్తే వాడు గొప్ప. దీని పేరు ఓరియంటీరింగ్. అంతేనా, నేనేమైనా వదిలేశానా? ఆ జెండాలు ఎక్కడున్నాయో దాచినవాళ్లకి తెలుసు కదా బావా. వాళ్లనే వెళ్లి తెచ్చుకోమంటే సరిపోయేది.

పక్కింటి గంగయ్య మావయ్య రోజూ అడుగుతున్నాడు, "మీ ఆయన ఇప్పుడు ఏ సరిహద్దులో ఉన్నాడే?" అని. సరిహద్దంటే చెప్పుకోవడానికి గౌరవంగా ఉండేది. దాగుడుమూతలాడుతున్నాడని ఎలా చెప్పను?

అసలు సంగతి మాత్రం ఆఖరి పేరాలో చీమ తలకాయంత అక్షరాలతో రాశావు. సెప్టెంబరు నెలాఖరుకి నీ సర్వీసు అయిపోతుంది, ఇంటికొచ్చేస్తావు అని నేను అనుకుంటున్నాను. ఆగస్టులో ఫిన్లాండులో అన్ని దేశాల సైనికులకీ జరిగే పోటీలో నువ్వు ముందు సగంలో వస్తే ఇంకో రెండేళ్లు ఉంచుకుంటారనీ, హవల్దారును చేస్తారనీ నువ్వు రాశావు. పైగా "నీకూ ఇష్టమేననుకుంటాను" అని ఒక ముక్క. ఎలా అనుకున్నావు?

నాకు ఇష్టం లేదు. తిన్నగానే చెబుతున్నాను, దీనికి దిక్సూచి అక్కర్లేదు. పెళ్లయినప్పటి నుంచి నువ్వు ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే ఒక చాతుర్మాసం అవుతుందేమో. అందుకే మొన్న ఆదివారం తుని వెళ్లి, లోవ కొండెక్కి, తలుపులమ్మ తల్లికి మొక్కుకొచ్చాను. ఫిన్లాండు అడవిలో నువ్వు దారి తప్పితే కోడిపుంజును ఇచ్చుకుంటానని. క్షేమంగా తప్పించమని కూడా చెప్పాను. నేనంత కసాయిదాన్ని కాదు.

నీ ఉష.


శిక్షణ శిబిరం, హిమాచల్,
మే 6.

ఉషారాణికి,

త్రిమూర్తులు రాసేది. మొగుడు ఓడిపోవాలని కొండెక్కిన ఇల్లాలు ముల్లోకాల్లో నువ్వొక్కదానివే. సతీ సావిత్రికి కూడా ఇంత దూరపు ఆలోచన రాలేదు. కోడిపుంజును మాత్రం ఇప్పుడే కొనకు. ఆగస్టు దాకా దాని మేత దండగ.

నువ్వు రాసింది చదివి మా గదిలో తెలుగువాళ్లందరం నవ్వుకున్నాం. కానీ ఆట నువ్వనుకున్నంత తేలిక కాదు. పటం ఇచ్చేది బయల్దేరే క్షణంలోనే. అందులో ఊరి పేర్లుండవు, దారి గుర్తులుండవు. గోధుమరంగు గీతలు దగ్గరగా ఉంటే నిట్టనిలువు కొండ, దూరంగా ఉంటే వాలు. తెలుపంటే పరుగెత్తగల అడవి, ఆకుపచ్చంటే దూరలేని పొద. పచ్చగా ఉంటే వరిచేను అనుకునే మన గోదావరివాళ్లకి ఇది మింగుడుపడడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఇదంతా పరుగెత్తుతూ చదవాలి. నిలబడి చదివితే ఎవడైనా చదువుతాడు.

నేను చదవగలను ఉషా. ఈ సంగతి నీకెప్పుడూ రాయలేదు. కొత్త కొండ దగ్గర మా కెప్టెన్ గారు "త్రిమూర్తులు, నువ్వు ముందు నడు" అంటారు. వెనక వచ్చేవాళ్లలో ఇంజనీరింగ్ చదివిన ఆఫీసర్లు కూడా ఉంటారు. నా పుట్టుకలో నన్ను ముందు నడవమన్న చోటు ఇదొక్కటే. రెండేళ్లు ఎందుకు అడుగుతున్నానో ఇప్పటికైనా తెలిసిందనుకుంటాను.

వచ్చే నెల స్వీడన్ వెళ్తున్నాం. అక్కడ చిన్న పోటీలు, తర్వాత ఫిన్లాండు. లోవ బాగా చదువుతోందా? సముద్రం ఎలా ఉంది?

త్రిమూర్తులు.


ఉప్పాడ,
జూన్ 18.

బావకి,

సముద్రం అడిగినట్టు చెప్పమంది. బాగానే ఉంది, కాస్త చేరువగా ఉంది. గాలి ఎక్కువ.

ఒక ముఖ్యమైన మాట. ఇకనుంచి ఉత్తరాలు ఇంటి చిరునామాకి రాయకు. సత్తియ్య కొట్టు, బస్టాండు దగ్గర, ఉప్పాడ అని రాయి. మన పోస్టుమాన్ కి ఈమధ్య మన వీధి దాకా రావడం బరువైపోయింది. నీ ఉత్తరాలొస్తే విదేశీ స్టాంపులు తను చించుకుంటానని సత్తియ్య ఇప్పుడే చెప్పి ఉంచాడు. "మీ ఆయన ఎంత గొప్పోడండి, ఏకంగా దేశాలు పట్టుకు తిరుగుతున్నాడు" అన్నాడు. ఇల్లు పట్టుకుని ఉండేవాణ్ని ఎవరూ గొప్పోడనరు కాబోలు.

మా అన్న అప్పారావు కొత్త పడవ దించాడు. నీకోసం అందులో ఒక చోటు ఉంచుతానన్నాడు. "బావొచ్చే దాకా ఖాళీగా ఉంచుతానే, ఎవర్నీ ఎక్కించను" అన్నాడు. నేను సరే అన్నాను. నీకు రెండేళ్లు పెంచితే ఆ చోటు రెండేళ్లు ఖాళీగా ఉండదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ఇంట ఆడకుండానే రచ్చకెక్కావు.

కెప్టెన్ గారు నిన్ను ముందు నడవమంటారని రాశావు. చదివి సంతోషించాను, అబద్ధమెందుకు. లోవకి కూడా చదివి వినిపించాను. అది "నాన్న ముందు నడిస్తే మనం వెనకాల వెళ్లొచ్చా?" అని అడిగింది. సమాధానం నువ్వే రాయి.

ఉష.


స్వీడన్,
జూలై 9.

ఉషకి,

ఇక్కడ సూర్యుడికి ఇంటికెళ్లే బుద్ధి లేదు. రాత్రి పదింటికి కూడా ఆకాశం మీదే తచ్చాడుతున్నాడు. నాలాగే అని నువ్వు రాస్తావు కాబట్టి నేనే రాసేస్తున్నాను.

మనుషులు మంచివాళ్లు, మాట్లాడరంతే. పోటీలో ఒకరితో ఒకరు మాట్లాడకూడదని నియమం ఉంది. వీళ్లు అన్నం దగ్గర కూడా ఆ నియమం వదలరు.

మొదటి పోటీలో నీ తలుపులమ్మ తల్లి నన్ను వెతుక్కుంటూ స్వీడన్ వచ్చింది. జరిగింది విను. పటంలో ఒక చిత్తడి నేల, దాని మధ్య నుంచి నీలం గీత, తాడు పట్టి గీసినట్టు తిన్నగా. తిన్నగా పారే నీరంటే మనిషి తవ్విన కాలువ. కాలువ తవ్వితే ఆ మట్టి పక్కన పోస్తారు, అదే గట్టు. గట్టుంటే పరుగెత్తొచ్చు. పిఠాపురం కాలువ గట్టు మీద బడికి నడిచినవాణ్ని, నాకు ఇంకొకరు చెప్పాలా? మిగతావాళ్లంతా చుట్టూ కొండ మీంచి పోతుంటే, వీళ్లకి కాలువలు తెలీవు పాపం అని జాలిపడి, నీలం గీత వైపు దూకాను.

ఈ దేశంలో కాలువ తవ్వినవాడు గట్టు వెయ్యలేదు. ఆ మట్టిని ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలీదు. నడుం లోతు బురదలో దిగబడ్డాను. ఒక బూటు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆఖరి నుంచి మూడోవాణ్ని. ఆ తర్వాతి పోటీల్లో బాగానే వచ్చాను, కాబట్టి అప్పుడే పుంజు బేరం మొదలెట్టకు.

అప్పారావు పడవ గురించి. నువ్వు తెలిసే రాశావో మర్చిపోయి రాశావో నాకు తెలీదు. పడవెక్కితే నాకేమవుతుందో నీకు తెలుసు. మా నాన్న నన్ను తీసుకెళ్లిన మొదటిరోజు అలల మీద కడుపులో ఉన్నదంతా కక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు. ఒడ్డున ఆడవాళ్లు కూడా నవ్వేవారు. జాలరి కొడుకు పడవలో కూర్చోలేకపోతే వాడికి ఊళ్లో పేరే ఉండదు. నేను పదిహేడేళ్ల క్రితం పట్టాళంలో చేరింది దేశభక్తితో కాదు, కదలని నేల కోసం. ఇప్పుడు మళ్లీ ఆ పడవలో చోటంటున్నావు. ముందు సగంలో వచ్చి తీరాలి. నాకు వేరే దారి లేదు.

లోవకి చెప్పు, ఇక్కడ అడవిలో నేల మీద నేరేడుపళ్ల లాంటివి కాస్తాయి. అచ్చం నేరేడుపళ్లే, కాకపోతే పిసినారివాడు పంచినట్టు చిన్నవి.

త్రిమూర్తులు.


ఉప్పాడ,
ఆగస్టు 3.

బావకి,

గట్టు లేని కాలువ కథ చదివి నేను నవ్విన నవ్వుకి సత్తియ్య కొట్టులో జనం తిరిగి చూశారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లను విన్నాను గానీ, యూరప్ వెళ్లి బూటు పోగొట్టుకున్నవాణ్ని నిన్నే చూశాను.

తర్వాత కింద రాసింది చదివి నవ్వు ఆగిపోయింది. నేను మర్చిపోయి రాయలేదు. మగాడికి పదిహేడేళ్లు గడిస్తే కడుపు కూడా పెద్దదవుతుందనుకున్నాను. నవ్విన ఆడవాళ్లలో నేను లేను, అప్పటికి నాకు గౌనే. ఉంటే నవ్వేదాన్నేమో, అది వేరే సంగతి.

పోటీలో జాగ్రత్తగా పరుగెత్తు. గెలవమని చెప్పను, మొక్కుకున్న నోటితో ఆ మాటంటే అమ్మవారు ఏది వినాలో తెలీక తికమకపడుతుంది. కాలు విరగ్గొట్టుకోకుండా రా.

ఉష.


ఫిన్లాండు,
ఆగస్టు 29.

ఉషకి,

పోటీ అయింది. ముందు సగంలో నా పేరు లేదు. వెనక సగంలో కూడా లేదు. ఇక్కడి పెద్దలు కూర్చుని అలా తేల్చారు. వచ్చే నెలాఖరుకి సర్వీసు పూర్తి చేసుకుని ఇంటికొస్తున్నాను. అప్పారావుతో చోటు ఉంచమని చెప్పు.

ఆరోగ్యం బాగుంది. ఇక్కడ వాన.

త్రిమూర్తులు.


ఉప్పాడ,
సెప్టెంబరు 10.

బావకి,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరమంటే పోస్టాఫీసువాళ్లు ఒప్పుకుంటారేమో, నేను ఒప్పుకోను. బురద గురించి పేజీడు రాసినవాడివి, ఓటమి గురించి నాలుగు ముక్కలా? ముందు సగంలోనూ లేక, వెనక సగంలోనూ లేక, మనిషనేవాడు ఎక్కడుంటాడు? పక్కనున్నావా, పైనున్నావా?

నాకు తెలియాలి. ఎందుకంటే మొక్కు సంగతి తేలాలి. మళ్లీ లోవ కొండకెళ్లి పూజారిగారిని అడిగాను. "దారి తప్పి ఓడిపోతే అమ్మవారి మహిమేనమ్మా, పుంజు ఇచ్చుకోవాలి. కాలు బెణికి ఓడిపోతే ఆవిడకి సంబంధం లేదు. పెద్దలు తేల్చారంటే మాత్రం నేనేం చెప్పలేనండి, అది కోర్టు వ్యవహారంలా ఉంది" అన్నారు. పుంజు గుమ్మంలో కట్టేసి ఉంది. దాని ప్రాణం నీ ఉత్తరం మీద ఆధారపడి ఉంది.

నవ్వుతాలు పక్కన పెట్టు. నువ్వొస్తున్నావంటే ఎగిరి గంతేస్తాననుకున్నాను. ఆ వాన ముక్క చదివాక అన్నం సయించలేదు. దొంగతనం చేశావా? ఎవర్నైనా కొట్టావా? ఏం చేసినా నాకు రాయి. ఊళ్లో వాళ్లకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

ఉష.


శిక్షణ శిబిరం, హిమాచల్,
సెప్టెంబరు 16.

ఉషకి,

దొంగతనం చెయ్యలేదు. అంతకంటే పెద్ద నేరం. ఒకడికి దారి చూపించాను.

ఈ ఆటలో దెబ్బ తగిలినవాడికి సాయం చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. దారి తప్పినవాడికి మాత్రం చెయ్యకూడదు. వాడు అడక్కూడదు, మనం చెప్పకూడదు. ఇది నాకు తెలుసు, కొత్తగా వచ్చినవాళ్లకి నేనే నేర్పుతాను కూడా.

ఆ రోజు బాగా పరుగెడుతున్నాను. గొప్పకి రాయడం లేదు, ఇప్పుడు గొప్పతో పనేముంది. జెండాలు నన్ను పిలిచి కూర్చోబెట్టినట్టు దొరుకుతున్నాయి. ఒక కొండ దిగుతుంటే బండ మీద ఒకడు కూర్చుని ఉన్నాడు. నా ఈడువాడే. బనీను మీద ఏదో దేశం పేరుంది, నేను చదవలేదు. పటం తలకిందులుగా పట్టుకున్నాడు. నన్ను చూసి లేచి, ఆ పటం చాపి, చేతులు తిప్పుతూ మనమెక్కడున్నామని అడిగాడు.

అడిగాక చెప్పకుండా ఎలా పోతాం ఉషా? ఆలోచించి చేశానంటే అబద్ధం. కాళ్లు వాటంతటవే ఆగాయి. పటం తిప్పి వేలు పెట్టి చూపించాను. వాడికి అర్థం కాలేదు. మన ఊళ్లో అయితే ఏం చేస్తాం? "రండి, అటే వెళ్తున్నాను" అని తోడు నడుస్తాం, అటు వెళ్లేది లేకపోయినా. అదే చేశాను. వాడికి కావలసిన జెండా నా దారిలోది కూడా కాదు. కొండ చుట్టూ తిప్పి తీసుకెళ్లి, "అదిగోనండి" అన్నాను. తెలుగులోనే అన్నాను. వాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. అప్పుడు చెట్టు వెనక నుంచి పర్యవేక్షకుడు బయటికొచ్చి మా ఇద్దరి నంబర్లూ రాసుకున్నాడు.

అంత ఆలస్యమైనా నేను ముందు సగంలోనే వచ్చాను. ఈ ముక్క నీకు రాయకూడదనుకున్నాను.

విచారణకు ముందు కెప్టెన్ గారు నన్ను గుడారం వెనక్కి పిలిచారు. "చెట్టు వెనకున్నాయన దూరం నుంచి చూశాడు, మాటలు వినలేదు. వాడే నీ వెనకపడ్డాడు, నువ్వు చూసుకోలేదు అని చెప్పు. నీ స్థానం నీకుంటుంది, హవల్దారువి అవుతావు" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు. సరేనన్నాను. లోపలికి వెళ్లేటప్పటికి అదే చెప్పాలనే ఉంది.

లోపల బల్ల ముందు వాడు కూడా నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో నలుపుకుంటున్నాడు. వాడికి కూడా ఇంటి దగ్గర ఎవరో ఉంటారు, వాడు కూడా ఏదో ఒక సగంలో రావాలనే వచ్చి ఉంటాడు. నేను కెప్టెన్ గారు చెప్పింది చెబితే వాడొక్కడే దొంగవుతాడు. నోరు తెరిస్తే "అతను అడిగాడు, నేను చూపించాను" అని వచ్చింది. అబద్ధానికి సరిపడా ఇంగ్లీషు నాకు రాదనుకో. ఇద్దర్నీ పోటీలోంచి తీసేశారు.

కెప్టెన్ గారు ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. నేను చేసింది తప్పో ఒప్పో నాకు తేలడం లేదు. పతకం లేకుండా, హవల్దారు పట్టీ లేకుండా వస్తున్నాను. పడవలో కూర్చుని కక్కుకోవడానికి వస్తున్నాను. ఇదీ సంగతి. ఇక నవ్వుకో.

త్రిమూర్తులు.


ఉప్పాడ,
సెప్టెంబరు 22.

బావకి,

నవ్వమన్నావు కాబట్టి ముందు నవ్వేశాను. జవానువి కదా బావా, రేపు యుద్ధంలో శత్రువొచ్చి "మీ మందుగుండు సామాను ఎక్కడండి" అని అడిగితే చెయ్యి పట్టుకుని గోదాము దాకా దిగబెడతావా? సర్కారువారి విమానం, సర్కారువారి బూట్లు, నువ్వు చేసిన దానం. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే.

పుంజును వదిలేశాను. నువ్వు దారి తప్పలేదని తేలిపోయింది కదా.

ఇప్పుడు రాసేది వెటకారం కాదు, అలా చదవకు. నాకు గర్వంగా ఉంది. నువ్వు ముందు సగంలో వచ్చావని చదివినప్పుడు ఒకసారి, ఆ టోపీ నలుపుకున్నవాణ్ని వదిలెయ్యలేదని చదివినప్పుడు ఒకసారి ఏడ్చాను. ఆ అబద్ధం ఒక్కటి చెప్పి ఉంటే నువ్వు రెండేళ్లు ఇంటికి వచ్చేవాడివి కాదు. చెప్పనందుకు వస్తున్నావు. నాకింతకంటే ఏం కావాలి? అయినా నువ్వు గెలిచింది నీ చేతిలోంచి తీసేసుకున్నారంటే నా కడుపు రగిలిపోతోంది. ఓడిపోవాలని మొక్కుకున్నదాన్ని నేనే, ఓర్చుకోలేకపోతున్నదాన్ని నేనే. ఇలాంటిదాన్ని చేసుకున్నావు, అనుభవించు.

అన్నీ చెప్పమని నిన్ను నిలదీశాను కాబట్టి నేను దాచింది కూడా చెప్పాలి. మన ఇల్లు లేదు. జూన్ లో సముద్రం పోటు మీద పోటు వచ్చి ముందు వరస ఇళ్లు పోయాయి, ఆ వారంలోనే మనది పోయింది. పోస్టుమాన్ బద్ధకస్తుడేం కాదు పాపం, ఇవ్వడానికి అక్కడ గుమ్మం లేదు. కంగారుపడకు. సామాను ముందురోజే అప్పారావూ నేనూ తీసేశాం, ఒక్క గరిటె కూడా పోలేదు. లోవ నీ పటాలన్నీ తలమీద పెట్టుకుని మోసుకొచ్చింది. అప్పుడే రాస్తే నువ్వు జెండాలు వదిలేసి వచ్చేసేవాడివి. నువ్వు రావాలనే కోరుకున్నాను గానీ, నా ఇల్లు పోయిందని రావాలనుకోలేదు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను. భయం వేసింది బావా. చాలాసార్లు వేసింది.

ఇప్పుడు కొత్తపల్లి రోడ్డు వైపు రేకుల ఇంట్లో ఉన్నాం. నువ్వు చూడని ఇల్లు. అప్పారావు పడవ సంగతి మర్చిపో, ఆ చోటుకి వేరేవాణ్ని చూసుకోమని చెప్పేశాను. పెళ్లిళ్లకీ హోటళ్లకీ చేపలు అడుగుతున్నారు, పిఠాపురం, సామర్లకోట, మండపేట దాకా పట్టుకెళ్లి ఇవ్వాలి. నేనొక్కదాన్నీ తిరగలేకపోతున్నాను. నేల మీద పని. నువ్వు ముందు నడు, నేను వెనక గంపతో వస్తాను.

బస్సు దిగి అలవాటు కొద్దీ పాత వీధికి వెళ్లకు, అక్కడ ఇప్పుడు నీళ్లున్నాయి. పటం గీసి పంపడం నాకు రాదు. ఎవరు కనిపిస్తే వాళ్లని "ఉషారాణి ఇల్లెక్కడండి" అని అడుగు. పనులు మానుకుని గుమ్మం దాకా తెచ్చి దిగబెడతారు. సొంత ఇంటికి దారి అడగడానికి మొహమాటపడకు బావా. ఇక్కడ దారి చూపించినవాళ్లని ఎవరూ పోటీలోంచి తీసెయ్యరు.

నీ ఉష.